మహానగరాల్లో మేటి ఆటగాళ్లు ఎందుకు తగ్గుతున్నారు?

జనాభా పెరిగితే ప్రతిభావంతుల సంఖ్యా పెరగాలి. న్యూయార్క్ బాస్కెట్‌బాల్‌లో, హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో జరిగింది మాత్రం వేరు. ఆ కారణాలు సూరత్‌లోని పాండేసర వంటి కార్మిక వాడల పిల్లలకు ఎలా వర్తిస్తాయి?

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న పాండేసర పారిశ్రామిక వాడ. బట్టల అద్దకం, ప్రింటింగ్ మిల్లులు, మరమగ్గాల షెడ్లు, వాటి మధ్య కార్మికుల ఇళ్లు ఇక్కడ కిక్కిరిసి ఉంటాయి. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారితో పాటు ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి సాంచాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా సూరత్ కార్మిక వాడల్లో ఉన్నాయి. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉండటానికి కారణం ఈ వలసే. 2001 జనాభా లెక్కల్లో సుమారు 24 లక్షలున్న సూరత్, హద్దులు విస్తరించడంతో 2011 నాటికి 44 లక్షలు దాటింది.

ఇంత పెద్ద నగరంలో పుట్టి పెరిగే పిల్లల నుంచి ఎందరు మేటి క్రీడాకారులు వస్తారు? జనం ఎక్కువ, స్టేడియాలు ఎక్కువ, శిక్షకులూ ఎక్కువ కాబట్టి చిన్న ఊళ్ల కన్నా ఎక్కువమందే వస్తారని అనిపిస్తుంది. క్రీడాశాస్త్ర పరిశోధనలు చెప్పేది మాత్రం అంత సూటిగా లేదు.

జన్మస్థల ప్రభావం

1987లో కర్టిస్, బర్చ్ అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తర అమెరికాలోని వృత్తి, ఒలింపిక్ స్థాయి ఐస్ హాకీ ఆటగాళ్లు ఏ పరిమాణం గల ఊళ్ల నుంచి వచ్చారో పరిశీలించారు. మరీ చిన్న పల్లెల నుంచీ, 5 లక్షల జనాభా దాటిన నగరాల నుంచీ వచ్చినవారు జనాభా నిష్పత్తి కన్నా తక్కువగా ఉన్నారు. 2006లో ఝాన్ కోటే బృందం ఇదే ప్రశ్నను బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ఐస్ హాకీ, గోల్ఫ్ వృత్తి క్రీడాకారులకు వర్తింపజేసింది. అక్కడా 5 లక్షలు మించిన నగరాల వాటా తక్కువగానే తేలింది. 50 వేల నుంచి లక్ష జనాభా ఉన్న పట్టణాలు అన్నిటికన్నా ముందున్నాయి. దీన్నే ‘జన్మస్థల ప్రభావం’ అంటారు.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆ తర్వాత వివిధ దేశాల ఒలింపిక్ క్రీడాకారులపై జరిగిన అధ్యయనాల్లో అనుకూలమైన ఊరి పరిమాణం దేశాన్ని బట్టి, ఆటను బట్టి మారింది. అంటే 50 వేలు, లక్ష అనే అంకెల్లో మహిమ ఏమీ లేదు. అలాంటి ఊళ్లలో ఒక పిల్లవాడికి దొరికే పరిస్థితులు ఏమిటన్నదే అసలు ప్రశ్న.

మరో చిక్కు కూడా ఉంది. పుట్టిన చోటు వేరు, పెరిగిన చోటు వేరు. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్ పుట్టింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఆట నేర్చుకుంది నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ పట్టణంలో. సైనా నెహ్వాల్ హర్యానాలోని హిసార్‌లో పుట్టి హైదరాబాద్‌లో ఎదిగింది. తెలుగు కుటుంబాల్లో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. పాండేసరలో పెరిగే పిల్లవాడి జనన ధ్రువపత్రంలో వరంగల్ పేరు ఉండవచ్చు. అందువల్ల ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలు ఎక్కడ ఆడుకున్నారన్నది, ఎక్కడ పుట్టారన్న దానికన్నా ముఖ్యం.

న్యూయార్క్ చెప్పే పాఠం

బాస్కెట్‌బాల్ నగరం ఆట. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ దీన్ని రూపొందించింది చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికే. పచ్చిక అక్కర్లేదు, పెద్ద మైదానం అక్కర్లేదు. బంతి ఒకటి, రింగు ఒకటి ఉంటే చాలు. 20వ శతాబ్దంలో న్యూయార్క్ ఈ ఆటకు పుట్టిల్లులా మారింది. హార్లెమ్‌లో హోల్కోంబ్ రకర్ 1950లో మొదలుపెట్టిన వీధి టోర్నమెంటు ఎందరినో తయారుచేసింది. కరీమ్ అబ్దుల్ జబ్బార్, క్రిస్ మలిన్, మార్క్ జాక్సన్, కెన్నీ ఆండర్సన్, స్టెఫాన్ మార్బరీ ఆ నగరం బిడ్డలే.

80 లక్షలకు పైగా జనాభా ఉన్న ఆ నగరం నుంచి ఎన్‌బీఏకు చేరేవారు ఇప్పుడు ఒకప్పటి స్థాయిలో లేరు. దీనికి కారణాలు ఒకటికి మించి ఉన్నాయి.

మొదటిది లెక్కకు సంబంధించింది. ఎన్‌బీఏలో 30 జట్లు, జట్టుకు 15 మంది చొప్పున సుమారు 450 స్థానాలు ఉంటాయి. 2024–25 సీజన్ ఆరంభంలో ఆ స్థానాల్లో 125 మంది విదేశీయులే ఉన్నారు. 1990ల తొలినాళ్లలో వారి సంఖ్య పాతిక లోపే. అంటే న్యూయార్క్ పిల్లలు ఏ మాత్రం వెనకబడకపోయినా, పోటీదారులు పెరిగినందువల్లే వారి వాటా తగ్గుతుంది. తగ్గుదలంతా వైఫల్యం కాదు.

రెండోది పాఠశాలలు. కరీమ్ చదివిన పవర్ మెమోరియల్ అకాడమీ 1984లో మూతపడింది. కెంబా వాకర్ చదివిన హార్లెమ్‌లోని రైస్ హైస్కూల్ 2011లో మూతపడింది. ఇలాంటి బడి ఒకటి పోతే భవనంతో పాటు ఒక కోచ్, ఒక జట్టు, ఏటా జరిగే పోటీలు, తరం నుంచి తరానికి అందే అలవాట్లు కూడా పోతాయి.

మూడోది ప్రతిభ తరలిపోవడం. 14, 15 ఏళ్లకే మెరికల్లాంటి పిల్లలను ఇతర రాష్ట్రాల్లోని ప్రైవేటు పాఠశాలలు తీసుకుపోతున్నాయి. వాళ్లు వెళ్లాక వీధి కోర్టులో మిగిలినవారికి తమకన్నా మెరుగైన ఆటగాడితో తలపడే అవకాశం తగ్గుతుంది. నేర్చుకోవడంలో ఇది పెద్ద నష్టం.

నాలుగోది ఖర్చు. అద్దెలు పెరిగి కార్మిక, మధ్యతరగతి కుటుంబాలు నగరం విడిచివెళ్తున్నాయి. అదే సమయంలో ఉచిత వీధి ఆట స్థానంలో డబ్బు కట్టి చేరే క్లబ్బులు, ప్రయాణ జట్లు వచ్చాయి.

హైదరాబాద్ ఫుట్‌బాల్: మన ఇంటి ఉదాహరణ

ఇదే కథ తెలుగు నేల మీద మరో ఆటలో జరిగింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ ఆటగాళ్లు ఆ జట్టులో ఉన్నారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కూడా హైదరాబాదీయే, వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956–57, 1957–58 సీజన్లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం సాధించినప్పుడూ కోచ్ రహీమే.

అప్పటి హైదరాబాద్ జనాభా ఎంత? 1951లో సుమారు 11 లక్షలు. 2011 నాటికి నగరపాలక సంస్థ పరిధిలోనే 67 లక్షలు దాటింది. జనం ఆరింతలయ్యారు. ఒలింపిక్ స్థాయి ఫుట్‌బాలర్ల వరుస మాత్రం 1970ల తర్వాత పలచబడింది. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు ఆ వరుసలో చివరి తరాల వారు.

రహీమ్ పద్ధతిని నేటి క్రీడాశాస్త్రం వెలుగులో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బంతిని ఎక్కువసేపు తన దగ్గరే ఉంచుకోకుండా వెంటనే అందించాలనే నియమంతో ‘డ్రిబ్లింగ్ లేని’ టోర్నమెంట్లు పెట్టారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు నిర్వహించారు. నియమాలను కొద్దిగా మార్చి, ఆట ద్వారానే నైపుణ్యం నేర్పడాన్ని నేటి శిక్షణశాస్త్రం గట్టిగా సమర్థిస్తుంది. చిన్న స్థలంలో తక్కువమంది ఆడినప్పుడు ఒక్కో ఆటగాడికి బంతి అందే సందర్భాలు పెరుగుతాయని అధ్యయనాలు చూపాయి.

క్యాన్సర్‌తో రహీమ్ 1963లో మరణించారు. ప్రతిభ అప్పటికే కోల్‌కతా బాట పట్టింది. బలరామ్ 1957లో, హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. పోలీసు ఉద్యోగం ఇచ్చి ఆటగాడిని నిలబెట్టిన వ్యవస్థ క్రమంగా బలహీనపడింది. మైదానాల చుట్టూ నగరం పెరిగింది. క్రికెట్ పిల్లల సాయంత్రాలను ఆక్రమించింది. న్యూయార్క్‌లో కనిపించిన మూడు కారణాలు, అంటే సంస్థ క్షీణించడం, ప్రతిభ తరలిపోవడం, ఉచిత ఆటస్థలం కరిగిపోవడం ఇక్కడా కనిపిస్తాయి.

నేల లెక్క, డబ్బు లెక్క

అయితే అదే హైదరాబాద్ బ్యాడ్మింటన్‌లో ప్రపంచస్థాయి కేంద్రమైంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేతగా నిలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో అకాడమీ ప్రారంభించారు. సైనా నెహ్వాల్, పి.వి. సింధు, కిదాంబి శ్రీకాంత్ అక్కడ శిక్షణ పొందినవారే. సూరత్ విషయమూ ఇంతే. టేబుల్ టెన్నిస్‌లో ఆ నగరం వెనకబడలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ భారత పురుషుల జట్టులో ఆడిన ముగ్గురిలో ఇద్దరు, హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్, సూరత్‌కు చెందినవారు.

మరి పెద్ద నగరం కొన్ని ఆటలకు మేలు చేసి, కొన్నిటికి కీడు ఎందుకు చేస్తోంది? స్థలం కొరతే కారణమని వెంటనే అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

ఫుట్‌బాల్ మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. 22 మంది ఆడితే ఒక్కొక్కరికి సుమారు 325 చదరపు మీటర్లు. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. పది మందికి పంచితే తలా 42 చదరపు మీటర్లు. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. సింగిల్స్ ఆడే ఇద్దరికీ పంచితే తలా 41 చదరపు మీటర్లు.

నేల ఖరీదు పెరిగితే ఫుట్‌బాల్ దెబ్బతినడం సహజమే. కానీ బాస్కెట్‌బాల్‌కూ, బ్యాడ్మింటన్‌కూ ఒక్కో ఆటగాడికి కావలసిన స్థలం దాదాపు సమానం. తేడా స్థలంలో లేదు, ఆ స్థలంలోకి అడుగు పెట్టే షరతులో ఉంది. బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ నగరాల్లో ఎక్కువగా రుసుము కట్టి, కప్పు కింద, కోచ్ దగ్గర నేర్చుకునే ఆటలు. తల్లిదండ్రులు సమయం, డబ్బు పెట్టగలిగితే నగరం వాటికి అనుకూలమే. వీధి బాస్కెట్‌బాల్, గల్లీ ఫుట్‌బాల్ బతికేది అందరికీ తెరిచి ఉన్న చోటు మీద. నగరంలో ముందుగా మాయమయ్యేది అలాంటి చోటే.

నష్టపోయేది ఎవరన్నది ఇక్కడ తేలుతుంది. మేటి ఆటగాళ్లు నగరం నుంచి పూర్తిగా మాయం కారు. కొనుక్కోగలిగిన ఆటల్లో, కొనుక్కోగలిగిన ఇళ్ల నుంచి వస్తూనే ఉంటారు. పాండేసర వంటి వాడల్లో, 12 గంటల షిఫ్టు చేసి వచ్చే తండ్రి, ఇంటి పట్టునే చీరల పనో కుట్టుపనో చేసే తల్లి ఉన్న ఇంట్లో పిల్లవాడి ప్రతిభ ఎవరి కంటా పడకుండానే ముగిసిపోతుంది.

ముందు ఆట, తర్వాత శిక్షణ

మేటి ఆటగాడిగా ఎదగాలంటే చిన్నప్పుడే ఒకే ఆటను పట్టుకుని సాధన చేయాలని చాలామంది నమ్ముతారు. 2022లో ఆర్నే గ్యూలిచ్ బృందం ప్రచురించిన విశ్లేషణ దీనికి భిన్నంగా ఉంది. 6,096 మంది క్రీడాకారుల సమాచారాన్ని ఈ బృందం క్రోడీకరించింది. ప్రపంచస్థాయికి చేరినవారు జాతీయస్థాయి వద్ద ఆగినవారితో పోలిస్తే బాల్యంలో ఎక్కువ రకాల ఆటలు ఆడారు, ప్రధాన ఆటను ఆలస్యంగా మొదలుపెట్టారు, తొలినాళ్లలో నెమ్మదిగా ఎదిగారు. బాలల పోటీల్లో గెలిచినవారి తీరు మాత్రం దీనికి తలకిందులుగా ఉంది.

కోటే ప్రతిపాదించిన నమూనా కూడా 6–12 ఏళ్ల కాలాన్ని రకరకాల ఆటలను రుచి చూసే దశగా పరిగణిస్తుంది. ఆ వయసులో పెద్దల అజమాయిషీ లేకుండా పిల్లలు తామే నియమాలు పెట్టుకుని ఆడే ఆటకు ప్రాధాన్యం ఎక్కువ. చిన్న పట్టణాల్లో బడి మైదానం దగ్గరే ఉంటుంది, నడిచి వెళ్లవచ్చు. ఒకే జట్టులో వేర్వేరు వయసులవారు కలుస్తారు. జట్టుకు ఆటగాళ్లు చాలక, సగటు ఆటగాడికీ చోటు దొరుకుతుంది. చోటు దొరికితే నమ్మకం కుదురుతుంది, నమ్మకం కుదిరితే ఆట కొనసాగుతుంది. మహానగరంలో వడపోత ముందే మొదలవుతుంది. పదేళ్లకే ‘ఎంపిక కాలేదు’ అనిపించుకున్న పిల్లవాడు పదిహేనేళ్లకు ఎలా ఎదిగి ఉండేవాడో ఎవరికీ తెలియదు.

ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన తొలి భారతీయుడు సత్నామ్ సింగ్ పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి వచ్చి, లుధియానాలోని బాస్కెట్‌బాల్ అకాడమీలో ఎదిగాడు. 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు అతన్ని 52వ ఆటగాడిగా తీసుకుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తిది వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం. ఒకటి రెండు ఉదాహరణలు సిద్ధాంతాన్ని నిరూపించవు. ఊరిలో మొదలై, సరైన వయసులో శిక్షణ దొరికిన మార్గం ఎలా ఉంటుందో మాత్రం చూపుతాయి.

ఒంటి ఎదుగుదల, పీల్చే గాలి

ప్రతిభ ఆటస్థలం మీదే ఆధారపడదు. బాస్కెట్‌బాల్‌లో ఎత్తు నిర్ణాయకం. ఎత్తులో వారసత్వం పాత్ర పెద్దదే అయినా, పసితనంలో పోషకాహారం చాలకపోయినా, తరచూ జబ్బుపడినా ఆ అవకాశం పూర్తిగా నెరవేరదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం గుజరాత్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 39 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. దేశ సగటు 35.5 శాతం.

గాలి మరో అంశం. విశ్రాంతిలో ఉన్న పెద్ద మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. తీవ్రంగా ఆడుతున్నప్పుడు ఇది 100 లీటర్లు దాటవచ్చు. పైగా నోటితో పీల్చడం వల్ల ముక్కులోని వడపోత తప్పిపోతుంది. దక్షిణ కాలిఫోర్నియాలో 3,535 మంది పిల్లలను కొన్నేళ్లపాటు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఓజోన్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఆటలు ఆడే పిల్లలకు ఉబ్బసం వచ్చే ముప్పు, ఏ ఆటా ఆడనివారికన్నా మూడు రెట్లకు పైగా ఉంది. ఓజోన్ తక్కువగా ఉన్న ఊళ్లలో ఆ తేడా కనిపించలేదు. దోషం ఆటది కాదు, గాలిది.

ఈ విషయంలో సూరత్ ప్రపంచానికే ఒక ప్రయోగశాల అయింది. ధూళికణాల ఉద్గారాలకు పరిమితి విధించి, పర్మిట్ల క్రయవిక్రయాలను అనుమతించే తొలి మార్కెట్‌ను గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో సూరత్ పరిసరాల్లోనే మొదలుపెట్టింది. బొగ్గు, లిగ్నైట్ వంటి ఇంధనాలు మండించే 317 కర్మాగారాలపై జరిగిన అధ్యయనంలో, ఈ విధానం కిందకు వచ్చినవాటి ధూళి ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయి. చిమ్నీ పొగ తగ్గించే విధానం పిల్లల ఆటకూ మేలు చేస్తుంది.

చేయదగిన పనులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని చెబుతుంది. 146 దేశాల సమాచారంతో 2019 చివర్లో వెలువడిన అధ్యయనం ప్రకారం 11–17 ఏళ్లవారిలో 81 శాతం మంది ఆ స్థాయిని అందుకోవడం లేదు. భారత్‌లో ఇది సుమారు 74 శాతం. మేటి ఆటగాళ్ల కొరత, ఆడని పిల్లల సంఖ్య ఒకే సమస్యకు రెండు ముఖాలు. పునాది వెడల్పుగా ఉంటేనే శిఖరం ఎత్తుగా ఉంటుంది.

పాండేసర వంటి చోట కొత్తగా ఫుట్‌బాల్ మైదానం వెతకడం కష్టం. ఉన్న బడి ఆవరణలనే సాయంత్రాలు, సెలవు రోజుల్లో వాడకు తెరిచి ఉంచడం సాధ్యమే. ఒక పూర్తి బాస్కెట్‌బాల్ కోర్టులో 40 నిమిషాల ఆట చొప్పున రెండు గంటల్లో మూడు ఆటలే సాగుతాయి, 30 మందికి అవకాశం. అదే కోర్టును రెండుగా విభజించి, టోక్యో ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన ముగ్గురేసి ఆటగాళ్ల పద్ధతి పాటిస్తే ఒకేసారి 12 మంది ఆడవచ్చు. అది పది నిమిషాల ఆట. రెండు గంటల్లో 144 అవకాశాలు దొరుకుతాయి. నేల అదే, రింగులు అవే.

ఆ సమయంలో కొంత ఆడపిల్లలకు ప్రత్యేకంగా కేటాయించడం కూడా అవసరం. లేకపోతే తెరిచిన గేటు మగపిల్లలకే తెరిచినట్టవుతుంది. గాలి నాణ్యత బాగా లేని రోజుల్లో తీవ్రమైన ఆటను వాయిదా వేయాలి. గుజరాత్‌లో 2010 నుంచి జరుగుతున్న ఖేల్ మహాకుంభ్ వంటి పోటీలు పిల్లలను గుర్తించగలవు. గుర్తించడానికి ముందు ఏడాదంతా ఆడుకునే చోటు ఉండాలి.

రహీమ్ కాలపు హైదరాబాద్‌లో అత్యాధునిక స్టేడియాలు లేవు. ఒక బడిపంతులు, తెరిచి ఉన్న మైదానాలు, వరుసగా జరిగే పోటీలు, ఆడినవాడికి ఒక ఉద్యోగం ఉన్నాయి. అంతకు ఆరింతలైన నగరం ఆ నాలుగింటినీ నిలుపుకోలేకపోయింది. సూరత్ ఇంకా పెరుగుతూనే ఉంది. అక్కడి సాంచాల వాడల పిల్లలకు ఆ నాలుగింటిలో కనీసం మొదటి మూడు నడక దూరంలో దొరికేలా చూడటం నగర ప్రణాళికలో భాగం కావాలి.